పుదుచ్చేరిలో ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత: ఏటా నెరవేర్చాల్సిన విధులు

సరుకు తయారుచేసి అమ్మినవారి బాధ్యత అమ్మకంతో తీరిపోదు. జనం దాన్ని వాడి పారేశాక ఏమవుతుందో కూడా వారే చూసుకోవాలి. ఈ సూత్రాన్ని చట్టంగా మార్చిన ఏర్పాటే ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత. వ్యాపారులు, అధికారులు, ఆడిటర్లు అందరూ దీన్ని ఈపీఆర్ అనే అంటారు. భారతదేశంలో ఇది ప్లాస్టిక్ ప్యాకింగ్‌, ఎలక్ట్రానిక్ పరికరాలు, బ్యాటరీలు, టైర్లు, వాడిన ఆయిల్, కాలం చెల్లిన వాహనాలకు వర్తిస్తోంది. పుదుచ్చేరి పట్టణం చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లోని కంపెనీలు ఏటా తమ లెక్కలు చెప్పి, లక్ష్యం మేరకు వ్యర్థాలను శుద్ధి చేయించినట్టు సర్టిఫికెట్లు చూపించాలి. నాలుగు ముక్కలుగా, మూడు రాష్ట్రాల మధ్య చెదిరి ఉన్న కేంద్రపాలిత ప్రాంతం కావడంతో ఇక్కడ ఈ నిబంధనలకు వేరెక్కడా లేని కొన్ని మెలికలు పడ్డాయి.

నేపథ్యం

ఈ ఆలోచనకు పేరు పెట్టినవాడు స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్. 1990లో ఆ దేశ పర్యావరణ శాఖకు ఇచ్చిన నివేదికలో దీన్ని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే జర్మనీ ప్యాకింగ్ వ్యర్థాల మీద ఆదేశం తెచ్చి, డబ్బాలు, సీసాలు, అట్టపెట్టెలు వెనక్కి తీసుకునే భారం కంపెనీల మీద పెట్టింది. చెత్త ఎత్తే ఖర్చు మునిసిపాలిటీ నెత్తిన ఉన్నంతకాలం ప్యాకింగ్ తగ్గించాలన్న ఆలోచన కంపెనీకి రాదు, ఆ ఖర్చు తనదే అయితే వస్తుంది అన్నది దీని వెనుక ఉన్న తర్కం.

మన దేశంలో తొలి అడుగు 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు. అవి 2012 మే 1న అమల్లోకి వచ్చాయి. ప్లాస్టిక్‌కు 2016 నిబంధనల్లో బాధ్యత గురించి రాశారు గానీ, ఎంత, ఎప్పటికి, ఎవరికి లెక్క చెప్పాలి అన్నవి తేలలేదు. కంపెనీలు కార్యాచరణ ప్రణాళిక అంటూ కాగితాలు ఇచ్చేవి, ఏజెన్సీలు సేకరణ బిల్లులు ఇచ్చేవి. ఆ బిల్లు వెనుక నిజంగా చెత్త కదిలిందో లేదో చూసే మార్గం ఉండేది కాదు. 2022లో ఈ పద్ధతి మొత్తం మారిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 16న ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు, జులై 21న టైర్లకు, ఆగస్టులో బ్యాటరీలకు, నవంబరు 2న ఎలక్ట్రానిక్స్‌కు కొత్త నిబంధనలు వచ్చాయి. అన్నిటికీ ఒకటే నమూనా: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు, టన్నుల్లో లక్ష్యం, రీసైక్లర్ పేరిట పుట్టే సర్టిఫికెట్, దాన్ని కంపెనీ కొనుక్కోవడం, ఏడాది చివర రిటర్ను. వాడిన ఆయిల్ నిబంధనలు 2023 సెప్టెంబరులో, వాహనాల నిబంధనలు 2025 జనవరిలో ఇదే అచ్చులో వచ్చాయి.

నాలుగు ముక్కల భూభాగం

ఒకప్పటి ఫ్రెంచి స్థావరాలైన పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళనాడు మధ్య, మాహే కేరళ మధ్య, యానాం ఆంధ్రప్రదేశ్ మధ్య ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం నాలుగు ప్రాంతాల్లో కలిపి 12.47 లక్షల మంది ఉండగా, గోదావరి పాయ ఒడ్డున ఉన్న తెలుగు ఊరు యానాంలో 55,626 మంది ఉన్నారు. కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఇక్కడ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఉండదు. 1974 నాటి నీటి చట్టం ప్రకారం ఆ అధికారాలు కేంద్ర మండలివి, అది వాటిని స్థానిక కమిటీకి అప్పగిస్తుంది. అలా ఏర్పడిందే పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీ. యానాంలో ఫ్యాక్టరీ పెట్టాలన్నా, అనుమతి పునరుద్ధరించాలన్నా దస్త్రం ఈ కమిటీ దగ్గరికే రావాలి.

ప్లాస్టిక్ నిబంధనల్లో ఎవరు ఎక్కడ నమోదు కావాలన్నది, వారు ఎన్ని రాష్ట్రాల్లో వ్యాపారం చేస్తున్నారన్న దాన్నిబట్టి తేలుతుంది. ఒకటి రెండు రాష్ట్రాలు లేదా కేంద్రపాలిత ప్రాంతాలకే పరిమితమైతే స్థానిక మండలి లేదా కమిటీ దగ్గర, రెండు దాటితే కేంద్ర మండలి దగ్గర. పుదుచ్చేరి వ్యాపారి సరుకు కడలూరుకో విళుపురానికో వెళ్లడం రోజువారీ సంగతి, కాబట్టి రెండు లెక్కలోకి వచ్చేసినట్టే. అతను యానాం పంపినా లెక్క పెరగదు, అది అదే కేంద్రపాలిత ప్రాంతం. అక్కడి నుంచి పక్కనున్న కాకినాడకు ఒక్క డీలరును పెట్టుకున్నాడంటే మూడో రాష్ట్రం చేరినట్టు, దస్త్రం ఢిల్లీకి మారినట్టు. ఇది తిరగేసి చూస్తే తెలుగువారికి మరింత దగ్గరి సంగతి. ఆంధ్ర, తెలంగాణల్లో మాత్రమే అమ్ముకునే కాకినాడ బ్రాండు యానాం కొట్లకు కూడా సరుకు వేస్తే, నిబంధనను అక్షరాలా చదివితే అది మూడు చోట్ల వ్యాపారం చేస్తున్నట్టే. స్థానిక వ్యాపారులు యానాంను వేరే రాష్ట్రంగా భావించరు. లెక్కలో మాత్రం అది వేరే.

ఎలక్ట్రానిక్స్‌, బ్యాటరీలు, టైర్ల ఉత్పత్తిదారులకు ఈ మెలిక లేదు. ఎన్ని చోట్ల అమ్మినా వారు కేంద్ర మండలి దగ్గరే నమోదు కావాలి.

ప్లాస్టిక్: లెక్క ఎలా కడతారు

ప్లాస్టిక్ నిబంధనలు ముగ్గురిని పట్టుకుంటాయి: ప్యాకింగ్ తయారుచేసేవారు, దిగుమతి చేసేవారు, ఆ ప్యాకింగ్‌లో తమ బ్రాండు సరుకు అమ్మేవారు. ప్యాకింగ్‌ను గట్టిది, మెత్తనిది, వేరే పదార్థం పొర కలిసినది, మట్టిలో కలిసిపోయేది అని విభాగాలు చేశారు. పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. రెండు మూడు పొరలున్న పౌచ్ కనబడగానే చాలామంది మూడో విభాగంలో రాసేస్తారు. పొరలన్నీ ప్లాస్టిక్కే అయితే అది రెండో విభాగం. మధ్యలో అల్యూమినియం వంటి ప్లాస్టిక్ కాని పొర ఉంటేనే మూడోది. ఒక విభాగం సర్టిఫికెట్ మరో విభాగానికి చెల్లదు కాబట్టి, తప్పు విభాగం రాస్తే కొన్న సర్టిఫికెట్లు పనికిరాకుండా పోతాయి.

ఉదాహరణకు తట్టాంచావడి పారిశ్రామికవాడలో అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లలో మసాలా పొడులు అమ్మే మధ్యతరహా కంపెనీ ఒకటి ఉందనుకుందాం. అది 2023-24లో 100 టన్నులు, 2024-25లో 120 టన్నుల పౌచ్‌లు కొని మార్కెట్లోకి వదిలింది. సగటు 110. ప్యాకింగ్ యంత్రం దగ్గర కత్తిరింపుల్లో, చెడిపోయిన రోల్స్‌లో పోయిన ప్లాస్టిక్ ఆ రెండేళ్లలో 4, 6 టన్నులు, సగటు 5. రెండూ కలిపి 2025-26కు బాధ్యత 115 టన్నులు. లక్ష్యం 2021-22లో 25 శాతం, 2022-23లో 70 శాతం కాగా 2023-24 నుంచి 100 శాతం, కాబట్టి మొత్తం 115 టన్నులకూ లెక్క చెప్పాలి. ఇందులో మూడో విభాగానికి 2025-26 కనీస రీసైక్లింగ్ 40 శాతం, అంటే 46 టన్నులు తప్పనిసరిగా రీసైకిల్ కావాలి. మిగతా 69 టన్నులు రోడ్ల నిర్మాణానికో, సిమెంటు బట్టీల్లో ఇంధనంగానో వెళ్లవచ్చు. పుదుచ్చేరికి నైరుతిన ఉన్న అరియలూరు సిమెంటు పరిశ్రమకు పేరుపడిన ప్రాంతం, బొగ్గుకు బదులు ప్లాస్టిక్ మండించడానికి అలాంటి బట్టీలే కావాలి. వీటన్నిటికీ తోడు, 2025-26 నుంచి తాను వాడే పౌచ్‌లలోనే 5 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలన్న షరతు ఉంది. గట్టి ప్లాస్టిక్‌కు అది ఏకంగా 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం. ఏటేటా మెట్లు ఎక్కే ఈ అంకెలను కొనుగోలు విభాగం రెండేళ్ల ముందే చూసుకోకపోతే చివరి నెలలో చేయగలిగింది ఏమీ ఉండదు.

చిన్న, సూక్ష్మ పరిశ్రమల సంగతి వేరు. అగరుబత్తి, సబ్బు, ఊరగాయ వంటివి తమ పేరుతో అమ్ముకునే చిన్న బ్రాండుల బాధ్యత, వారికి ప్యాకింగ్ అమ్మిన తయారీదారు మీద పడుతుంది. అందుకే తయారీదారు తన లెక్కలో పెద్ద, మధ్యతరహా బ్రాండులకు అమ్మినదాన్ని తీసివేయవచ్చు గానీ, చిన్నవారికి అమ్మినదాన్ని తీసివేయకూడదు. ఆ తయారీదారు కూడా చిన్నవాడే అయితే 2024 మార్చి సవరణ ప్రకారం భారం ప్లాస్టిక్ గుళికలు అమ్మినవారి మీదికి జరుగుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న పరిశ్రమ హద్దు పెట్టుబడిలో 25 కోట్లకు, టర్నోవరులో 100 కోట్లకు పెరిగింది. కాబట్టి ఏడాది మొదట్లో చూసుకోవాల్సిన మొదటి కాగితం, పరిశ్రమ ఏ తరహాదో చెప్పే ఉద్యమ్ నమోదు పత్రం. నిరుటి దాకా మధ్యతరహా అనుకున్న యూనిట్ ఇప్పుడు చిన్నదై ఉండవచ్చు, అప్పుడు బాధ్యత చేతులు మారుతుంది.

పోర్టల్‌లో ప్రతి కొనుగోలూ, ప్రతి అమ్మకమూ జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబరుతో ఎక్కించాలి. ప్యాకింగ్ బరువు ఇన్‌వాయిస్‌లో ఎప్పుడూ టన్నుల్లో ఉండదు. రోల్స్‌లో, మీటర్లలో, ముక్కల లెక్కన ఉంటుంది. దాన్ని బరువులోకి మార్చిన పట్టిక పక్కన పెట్టుకోని కంపెనీ తనిఖీ నాడు ఇబ్బంది పడుతుంది. ఈ పని అకౌంట్స్ విభాగానిది అని ప్రొడక్షన్‌వారు, ప్రొడక్షన్‌ది అని అకౌంట్స్‌వారు అనుకునే చోట్ల రిటర్ను గడువు పడే జూన్ నెలంతా గందరగోళమే.

కంప్యూటర్లు, వాషింగ్ మెషీన్లు

ఈ-వ్యర్థాల చరిత్రలో పుదుచ్చేరిది ప్రత్యేక స్థానం. పన్ను రాయితీల కాలంలో హెచ్‌సీఎల్, విప్రో, ఏసర్ వంటి కంపెనీలు ఇక్కడ కంప్యూటర్లు బిగించాయి. లెనోవో కర్మాగారం ఇప్పటికీ నడుస్తోంది. 2024 సెప్టెంబరులో ఆ సంస్థ ఇక్కడ ఏటా 50,000 ఏఐ సర్వర్లు తయారుచేస్తామని ప్రకటించింది. వర్ల్‌పూల్ వాషింగ్ మెషీన్లు కూడా పుదుచ్చేరిలోనే తయారవుతాయి. దేశంలోని ఎన్నో ఆఫీసుల్లో మూలన పడిన పాత కంప్యూటర్ల పుట్టిల్లు ఈ చిన్న ప్రాంతమే.

2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 2022 నిబంధనలు 106 రకాల పరికరాలకు వర్తిస్తాయి. వస్తువును ఫ్యాక్టరీలో తయారుచేసేవారు, తమ బ్రాండుతో అమ్మేవారు, బాగుచేసేవారు, రీసైకిల్ చేసేవారు అందరూ నమోదు కావాలి. టన్నుల లక్ష్యం మాత్రం బ్రాండు యజమానిదే. దాన్ని లెక్కగట్టే తీరు ప్లాస్టిక్ కన్నా వేరు. వస్తువు సగటు ఆయువు ఎన్నేళ్లో అన్నేళ్లు వెనక్కి వెళ్లి, ఆనాటి అమ్మకాల్లో ఇంత శాతం అంటారు. ఆయువు పదేళ్లు అనుకుంటే, 2025-26 లక్ష్యం 2015-16లో అమ్మిన బరువులో 70 శాతం. 2023-24, 2024-25లలో ఇది 60 శాతం, 2027-28 నుంచి 80 శాతం అవుతుంది. పదేళ్ల కిందటి అమ్మకాల రికార్డు భద్రపరచడం ఇప్పుడు చట్టపరమైన అవసరంగా మారింది. మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్చుకుని పాత డేటా వదిలేసిన కంపెనీలకు ఇది పెద్ద తలనొప్పి.

ఫ్యాక్టరీ పుదుచ్చేరిలో ఉన్నా లెనోవో భారత కార్యాలయం బెంగళూరులో, వర్ల్‌పూల్‌ది గురుగ్రామ్‌లో ఉన్నాయి. ఇలాంటి చోట్ల కంపెనీ రిటర్ను ప్రధాన కార్యాలయం నుంచి వెళ్తుంది, ఫ్యాక్టరీవారు అంకెలు పంపుతారు. తయారీ దశలో వచ్చే సొంత వ్యర్థాలను నమోదైన రీసైక్లర్‌కు అప్పగించడం, పరికరాల్లో సీసం, పాదరసం వంటివి బరువులో 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం మించకుండా చూడటం మాత్రం ఇక్కడి షాపు ఫ్లోరు మీదే జరగాల్సిన పనులు.

రీసైక్లర్‌కు వచ్చే సర్టిఫికెట్ లోహాల లెక్కన ఉంటుంది: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే దేశీయ పద్ధతి మీద హైదరాబాదులోని సీ-మెట్ పరిశోధనాలయం పనిచేసింది. ఇది తెలుగు నేల మీద జరిగిన ముఖ్యమైన కృషి, దానికి రావలసినంత గుర్తింపు రాలేదు. రీసైక్లర్లకు గిట్టుబాటు కావాలని ప్రభుత్వం గృహోపకరణాలకు కిలోకు 22 రూపాయల కనీస ధర పెట్టినప్పుడు పలు పెద్ద కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి.

మిగిలినవి

బ్యాటరీ నిబంధనలు 2001 నాటి పాత నిబంధనల స్థానంలో వచ్చి, స్కూటరు బ్యాటరీ నుంచి సెల్‌ఫోన్ బ్యాటరీ దాకా అన్నిటినీ పరిధిలోకి తెచ్చాయి. టైర్లకు 2024-25 నుంచి లక్ష్యం 100 శాతం, రెండేళ్ల కిందటి ఉత్పత్తి మీద. వాడిన ఆయిల్‌కు 2024-25లో 5 శాతంతో మొదలైంది. సౌర ఫలకాలు ఈ-వ్యర్థాల నిబంధనల కిందికే వస్తాయి గానీ, పాతబడినవాటిని 2034-35 దాకా నిల్వ ఉంచడమే ప్రస్తుతం ప్రధాన విధి.

తేదీలు

ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. ఎలక్ట్రానిక్స్‌వారు మూడు నెలలకోసారి, ఏడాదికోసారి రిటర్ను వేయాలి. గడువు ఆ త్రైమాసికం లేదా సంవత్సరం తర్వాతి నెలాఖరు, అంటే వార్షికానికి ఏప్రిల్ 30. ప్లాస్టిక్, బ్యాటరీ వార్షిక రిటర్నులకు జూన్ 30. కేంద్ర మండలి ఈ గడువులను పదేపదే పొడిగించింది. పొడిగింపును నమ్ముకున్న కంపెనీలు సర్టిఫికెట్లకు గిరాకీ పెరిగే వేళ మార్కెట్లోకి వచ్చి ఎక్కువ ధర పెడతాయి. సర్టిఫికెట్ ధర, లక్ష్యం తప్పితే వేసే పరిహారంలో 30 నుంచి 100 శాతం మధ్య ఉండాలని నిబంధన.

కంపెనీలకే కాదు, ఊరికీ తేదీలున్నాయి. పుదుచ్చేరి, ఉళవర్‌కరై మునిసిపాలిటీలు తమ ప్లాస్టిక్ వ్యర్థాల నివేదిక జూన్ 30 కల్లా ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ కమిటీ జులై 31 కల్లా కేంద్ర మండలికి పంపాలి. కేంద్ర మండలి ఆగస్టు 31 కల్లా కేంద్ర ప్రభుత్వానికి అందించాలి. కంపెనీ రిటర్ను, మునిసిపాలిటీ నివేదిక ఒకే రోజుకు సిద్ధమవుతాయి. కానీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు నిబంధనల్లో లేదు. ఈ లోపం చిన్నది కాదు.

తప్పితే

ప్లాస్టిక్ లక్ష్యం తప్పినవారి మీద పర్యావరణ పరిహారం పడుతుంది. డబ్బు కట్టినంత మాత్రాన బాధ్యత పోదు, మూడేళ్ల దాకా వెంట వస్తుంది. ఏడాదిలోగా లోటు పూడిస్తే కట్టినదాంట్లో 75 శాతం, రెండేళ్లలోగా 60, మూడేళ్లలోగా 40 శాతం తిరిగి ఇస్తారు. ఆ తర్వాత మొత్తం పోతుంది. జరిమానా విధించి వదిలేయడం కన్నా ఇది మెరుగైన పద్ధతి, తప్పు దిద్దుకోవడానికి తొందర పెడుతుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద గతంలో జైలుశిక్ష ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి జన్ విశ్వాస్ చట్టం దాని స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది.

అసలు ప్రమాదం లక్ష్యం తప్పడంలో కన్నా అబద్ధపు సర్టిఫికెట్‌లో ఉంది. కేంద్ర మండలి తనిఖీల్లో 2023లో ప్లాస్టిక్ రీసైక్లర్లు పుట్టించిన నకిలీ సర్టిఫికెట్లు ఆరు లక్షలకు పైగా బయటపడ్డాయి. యంత్రం సామర్థ్యాన్ని మించి, లేని ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేసినట్టు చూపించారు. అందుకే కొనేముందు రీసైక్లర్ కరెంటు బిల్లు, యంత్రాల సామర్థ్యం, అమ్మిన సరుకు ఇన్‌వాయిస్‌లు చూడటం, వీలైతే మనిషిని పంపడం మంచి కంపెనీల అలవాటు అయింది. 2025 జులై 1 నుంచి ప్యాకెట్ మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ ద్వారానో, ఇతర అనుమతించిన పద్ధతుల్లోనో వివరాలు తెలిపే వీలు వచ్చింది.

సర్టిఫికెట్ ఎక్కడిది, చెత్త ఎక్కడిది

పుదుచ్చేరి పట్టణపు చెత్త కురుంబపేట యార్డుకు చేరుతుంది. వైట్ టౌన్‌కూ తమిళ వీధులకూ మధ్య పారే గ్రాండ్ కెనాల్‌లో వానాకాలం పౌచ్‌లు, సీసాలు తేలతాయి. పర్యాటకులు ఖాళీ చేసిన నీళ్ల సీసాలను కాయలాన్ కడై అనే పాత సామాన్ల కొట్లు కొంటాయి, మసాలా పౌచ్‌ను మాత్రం ఎవరూ కొనరు. సీసా ఏరితే డబ్బొస్తుంది, పౌచ్ ఏరితే రాదు కాబట్టి పౌచ్ కాలువలోనే ఉండిపోతుంది. లెక్కల్లో అదే పౌచ్‌కు 100 శాతం సర్టిఫికెట్ ఉంటుంది. ఇందులో మోసం లేదు. సర్టిఫికెట్ పుట్టిన ఊరికీ సరుకు అమ్ముడైన ఊరికీ లంకె ఉండాలని నిబంధన కోరదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో అదే విభాగం ప్లాస్టిక్ అంతే బరువు శుద్ధి అయితే చాలు. దేశం మొత్తం మీద లెక్క సరిపోతుంది, కురుంబపేటలో గుట్ట తరగదు. ఈపీఆర్ నమూనాలోని అతి పెద్ద లోపం ఇదే. చిన్న, చెదిరిన ప్రాంతాలకు ఇది మరీ అన్యాయం చేస్తోంది. యానాం వంటి చోట పెద్ద రీసైక్లర్ నిలదొక్కుకునేంత చెత్త రాదు, వచ్చిన ఆ కాస్తా గోదావరి డెల్టా నీళ్లలో కలుస్తుంది.

ఊరి స్థాయిలో ఇంటింటా తడి పొడి వేరుచేయించే పనిని శుద్ధం అనే స్వచ్ఛంద సంస్థ పుదుచ్చేరిలో చాలా ముందే చేసి చూపింది. పక్కనున్న ఆరోవిల్‌లో వేస్ట్‌లెస్ సంస్థ బడిపిల్లలకు చెత్త పాఠాలు తయారుచేసింది. ఈపీఆర్ డబ్బు ఇలాంటి చేతుల దాకా రావాలంటే కంపెనీలు చవకైన సర్టిఫికెట్ కాకుండా దగ్గరి సర్టిఫికెట్ కొనాలి. పట్టణంలో అమ్మే కంపెనీ, పట్టణంలో ఏరిన ప్లాస్టిక్‌కు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చి మునిసిపాలిటీతో ఒప్పందం చేసుకోవడాన్ని చట్టం అడ్డుకోదు. కంపెనీలు స్థానిక సంస్థలతో కలిసి సేకరణ ఏర్పాట్లు చేసుకోవచ్చని మార్గదర్శకాలే చెబుతున్నాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి ఈపీఆర్ వర్తించే వాటి జాబితాలోకి రాగి, అల్యూమినియం, జింకు వంటి ఇనుమేతర లోహాల తుక్కు, 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న భవనాల నిర్మాణ, కూల్చివేత శిథిలాలు చేరాయి. శిథిలాల విషయంలో ఎవరు ఎక్కడ కట్టారన్నది చిరునామాతో సహా తెలుస్తుంది, వాటిని దూరం తీసుకెళ్తే రవాణా ఖర్చే మింగేస్తుంది. అందువల్ల ఈ ఒక్క విభాగంలో శుద్ధి ఊరికి దగ్గరలోనే జరగక తప్పదు.